గొంతు మూతపడితే పుట్టే హల్లు: ప్రపంచ భాషల్లో గ్లాటల్ స్టాప్

జర్మన్‌లో “లేరర్” అంటే ఉపాధ్యాయుడు. “లేరరిన్నెన్” అంటే ఉపాధ్యాయినులు. ఈ రెండో మాటను ఏకబిగిన అనకుండా “లేరర్” దగ్గర గొంతు ఒక్క లిప్త బిగబట్టి, ఆ తరువాత “ఇన్నెన్” అని అందుకుంటే అర్థం మారుతుంది. అప్పుడది స్త్రీలు, పురుషులు, ఆ రెండు వర్గాల్లోనూ చేరనివారు అందరినీ కలుపుకొనే మాట. 2020 ప్రాంతంలో కొందరు టీవీ వార్తా వ్యాఖ్యాతలు ఇలా పలకడం మొదలుపెట్టాక ఈ చిన్న బిగింపు మీద జర్మనీలో పెద్ద రగడే నడిచింది. రాతలో దీనికి బదులుగా మాట మధ్య నక్షత్రం గుర్తో, కోలనో పెడతారు. బవేరియా రాష్ట్రం 2024 ఏప్రిల్ 1 నుంచి బడుల్లో, విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో అలాంటి గుర్తులను నిషేధించింది.

అటు కెనడాలో ఇదే ధ్వనికి చెందిన అక్షరం పేరులో ఉందన్న కారణంతో పిల్లల జనన నమోదుకు అధికారులు ఒప్పుకోలేదు. హవాయిలో ఇదే ధ్వని గుర్తును జాతీయ పార్కుల పేర్లలో చేర్చడానికి అమెరికా ఏకంగా చట్టమే చేసింది. భాషాశాస్త్రంలో దీని పేరు గ్లాటల్ స్టాప్. తెలుగులో కంఠద్వార స్పర్శం అనవచ్చు. అంతర్జాతీయ ధ్వని లిపిలో దీని గుర్తు కింద చుక్క లేని ప్రశ్నార్థకంలా ఉంటుంది. మామూలు అక్షరమాలల్లో చాలావాటిలో మాత్రం దీనికి చోటే లేదు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

ఈ వ్యాసంలో గొంతు మూతపడే చోట ’ గుర్తు వాడాం.

క్లుప్తంగా

స్వరతంత్రులు పూర్తిగా మూసుకుని తెరుచుకోవడం వల్ల పుట్టే హల్లు ఇది. దాదాపు ప్రతి మనిషీ రోజూ పలికేదే. కొన్ని భాషల్లో ఇది ఉందో లేదో అన్నదాన్ని బట్టి మాట అర్థం మారుతుంది. మరికొన్ని భాషల్లో అది వట్టి ఉచ్చారణ అలవాటు. క, త, ప లాంటి ధ్వనులు అరిగిపోయినప్పుడు ఇది పుడుతుంది. ఇది అరిగిపోతే అచ్చు పొడవుగానో, స్వరస్థాయిగానో మిగులుతుంది. రాతలో దీనికి గుర్తు దక్కడం, దక్కకపోవడం ఎక్కువగా ఆ భాషకు మొదట లిపి కూర్చినవారి చెవిని బట్టి, ఆ తరువాత టైపురైటర్లను, ప్రభుత్వ రిజిస్టర్లను బట్టి జరిగింది.

గొంతులో జరిగేది ఏమిటి?

“ప” పలికేటప్పుడు పెదవులు గాలిని ఆపి వదులుతాయి. “త”కు నాలుక కొన పళ్ల దగ్గర ఆపుతుంది. “క”కు నాలుక వెనుక భాగం అంగిలిని తాకుతుంది. గ్లాటల్ స్టాప్‌కు పెదవులతో, నాలుకతో పనిలేదు. గొంతులోని రెండు స్వరతంత్రులే ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఊపిరిని ఆపేస్తాయి. దగ్గబోయే ముందు, బరువు ఎత్తబోయే ముందు గొంతు బిగుసుకునేది ఇలాగే. ఆ బిగువు వదిలాక వచ్చే అచ్చు కొట్టినట్టుగా మొదలవుతుంది.

స్వరతంత్రులు కంపిస్తేనే నాదం. అవి మూసుకుని ఉన్నంతసేపు కంపించలేవు. కాబట్టి “క”కు “గ” ఉన్నట్టు ఈ ధ్వనికి నాదంతో కూడిన జోడీ ఉండదు. అంతర్జాతీయ ధ్వని పట్టికలో ఆ గడిని అసాధ్యమని బూడిదరంగుతో నింపేశారు. ఈ ధ్వనిని హకారంతోనో, విసర్గతోనో కలపడం కూడా పొరపాటే. “హ” పలికేటప్పుడు గొంతు తెరుచుకుని ఉంటుంది, గాలి ఒరుసుకుంటూ బయటికి వస్తుంది. ఇక్కడ గాలి అసలు కదలదు. రెండూ పుట్టేది ఒకే చోట అయినా జరిగే పని పూర్తిగా విరుద్ధం.

గొంతు స్థితిని గమనించడంలో మన ప్రాచీన వర్ణశిక్షకులకు లోటు లేదు. కంఠం సంవృతమైతే (దగ్గరపడితే) నాదం, వివృతమైతే (తెరుచుకుంటే) శ్వాసం, మధ్యస్థితిలో హకారం పుడతాయని తైత్తిరీయ ప్రాతిశాఖ్యం అనే వేద ఉచ్చారణ గ్రంథం చెబుతుంది. స్వరతంత్రుల ఊసు యూరప్ శాస్త్రంలో రావడానికి చాలా ముందే చేసిన విభజన ఇది. అయితే ఆ మూడింటిలోనూ ఊపిరి కదులుతూనే ఉంటుంది. పూర్తి మూతను ఒక వర్ణంగా అందులో చేర్చలేదు. సంస్కృతంలో ఆ మూత అర్థభేదానికి పనికిరాదు కాబట్టి చేర్చవలసిన అవసరమూ వారికి కలగలేదు.

వాస్తవ సంభాషణలో ఈ మూత ప్రతిసారీ పూర్తిగా పడదు. రెండు అచ్చుల మధ్య త్వరగా మాట్లాడేటప్పుడు తంత్రులు దగ్గరకు వచ్చి, మూసుకోకుండానే నెమ్మదిగా, ఎగుడుదిగుడుగా కంపిస్తాయి. చెవికి అది కిర్రుమనే గొంతులా వినిపిస్తుంది. డేనిష్ భాషలో ఆ కిర్రే పెద్ద పని చేస్తుంది. “ఆమె”కు, “కుక్క”కు అక్కడ ఉచ్చారణ దాదాపు ఒకటే, రెండూ “హున్”. కుక్క అన్నప్పుడు మాత్రం చివర గొంతు బిగుస్తుంది. రాతలో ఆ తేడాను మోసేది బయటికి పలకని ఒక అక్షరం.

అక్షరమా, అలవాటా?

తెలుగులో ఈ ధ్వని లేదని వ్యాకరణాలను బట్టి అనిపిస్తుంది. నిజానికి తెలుగువారు పలకని ధ్వని ఏమీ కాదిది. పసిపిల్ల వేడి గిన్నె వైపు చెయ్యి చాపితే పెద్దవాళ్ల నోట వచ్చే “అఁ’అఁ” అనే హెచ్చరికలో మధ్యనున్నది అదే. “కాదు” అనే బదులు నోరు మూసుకునే ముక్కుతో గొణిగే ముక్తసరి జవాబులోనూ చాలామందికి అదే పలుకుతుంది. వీటిలో ఏదీ నిఘంటువుకెక్కే మాట కాదు. తెలుగులో ఈ మూత ఉండడం, లేకపోవడం అనే తేడాతో రెండు మాటలు వేరుపడవు. అందువల్ల మన చెవి దాన్ని లెక్కలోకి తీసుకోదు.

అచ్చు పక్కన అచ్చు వచ్చినప్పుడు ఏం చేయాలన్న ఇబ్బంది అన్ని భాషలకూ ఉంది. ఒక్కో భాష ఒక్కో దారి తొక్కింది. తెలుగు ఒక అచ్చును మింగేస్తుంది, లేదా మధ్యలో ఒక హల్లును దింపుతుంది. “వాడు ఎవడు” కాస్తా “వాడెవడు” అవుతుంది, “మా అమ్మ” “మాయమ్మ” అవుతుంది. సంధి లేనిచోట అచ్చు తరువాత వచ్చే అచ్చుకు యడాగమం వస్తుందన్న బాలవ్యాకరణ సూత్రం చెప్పేది ఇదే. జర్మన్ ఇదే పనికి గొంతును మూస్తుంది. నాటకశాలను వాళ్లు “తెఆటర్” అని జారుగా అనరు, “తె’ఆటర్” అని తెంచి అంటారు. అచ్చుతో మొదలయ్యే ప్రతి మాటకూ, సమాసంలో అచ్చుతో మొదలయ్యే ప్రతి భాగానికీ ముందు జర్మన్లకు ఈ బిగింపు సహజంగా వస్తుంది. లింగ సమానత్వం కోసం వాడుతున్న విరామం కొత్తగా కనిపెట్టిన ధ్వని కాదన్నమాట. పాత అలవాటునే ప్రత్యయానికి ముందు, అది ఇంతవరకూ లేని చోట పెట్టారు. ఇన్నాళ్లూ అర్థంతో సంబంధం లేని ధ్వనికి ఒక్కసారిగా అర్థం అంటగట్టడం వల్లే సమర్థించేవారికీ వ్యతిరేకించేవారికీ అది అంత స్పష్టంగా వినిపిస్తోంది.

హవాయి భాషలో పరిస్థితి వేరు. అక్కడ హల్లులు ఎనిమిదే, వాటిలో ఇదొకటి. “పౌ” అంటే అయిపోయింది, “ప’ఉ” అంటే మసి, “పా’ఊ” అంటే ఆడవాళ్లు కట్టుకునే పావడా. ఫిలిప్పీన్స్‌లోని తగలోగ్ భాషలో “బాత” అంటే పైన తొడుక్కునే అంగీ, “బాత’” అంటే పిల్లవాడు. ప్రపంచ భాషల ధ్వని జాబితాలను పోల్చి చూస్తే, లెక్కకట్టే పద్ధతిని బట్టి మూడో వంతు నుంచి సగం దాకా భాషల్లో ఇది అర్థాన్ని మార్చే వర్ణంగా కనిపిస్తుంది. అరుదైన వింత ధ్వని అన్న పేరు దీనికి రావడానికి కారణం యూరప్‌లోని పెద్ద భాషల రాతలో ఇది కనిపించకపోవడమే.

క, త, ప ఎలా గొంతులోకి జారతాయి?

భాషలు ఈ ధ్వనిని ఎక్కడి నుంచో తెచ్చుకోవు. చాలావరకు తమ దగ్గరున్న స్పర్శాలను (గాలిని ఆపి వదిలే హల్లులను) అరగదీసి చేసుకుంటాయి. ఇంగ్లిష్‌లో ఆ తంతు ఇప్పుడు కళ్ల ముందే జరుగుతోంది. బ్రిటన్‌లో చాలామంది మాట చివరి ప, ట, క లను పలికేటప్పుడు నోటి మూతతో పాటు గొంతునూ బిగిస్తారు. అంటే ఒకే ధ్వనికి రెండు తలుపులు మూస్తున్నారు. గాలిని ఆపడానికి ఒకటి చాలు. కొన్నాళ్లకు నాలుక తన వంతు పని మానేస్తుంది, గొంతు మూత ఒక్కటే మిగులుతుంది. లండన్ శ్రామికవాడల్లోనూ, గ్లాస్గోలోనూ “బటర్” కాస్తా “బ’అ”, “బ’ర్” లాగా వినిపించేది ఇందుకే. నాలుక ఎక్కడా తగలని ఆ మాటను మన “ట”తో అలవాటుపడిన చెవి మొదట పోల్చుకోలేదు.

బ్రిటన్‌లో ఈ ఉచ్చారణకు సామాజిక తూకం ఉంది. “ఫుట్‌బాల్”ను “ఫు’బాల్” అంటే ఎవరూ పట్టించుకోరు, ఉన్నత వర్గాలవారూ అలాగే అంటారు. రెండు అచ్చుల మధ్య అదే పని చేస్తే చదువురానివాడి మాటగా ముద్ర పడుతూ వచ్చింది. అమెరికన్లు “బటన్”ను “బ’న్” అంటారు, అక్కడ దానికి ఏ మరకా లేదు. ఒకే ధ్వని ఒకచోట మర్యాద, ఒకచోట అమర్యాద కావడానికి ధ్వనిలో కారణమేమీ దొరకదు. మొదట దాన్ని ఎవరు పలికారన్నదే కారణం.

పసిఫిక్ దీవుల్లో ఈ మార్పు ఎప్పుడో పూర్తయింది. పాలినీషియన్ భాషలన్నింటికీ మూలమైన భాషలో చేపను “ఇక” అనేవారు. న్యూజీలాండ్‌లోని మావోరీలో ఇప్పటికీ “ఇక”నే. సమోవన్‌లో, హవాయిలో “ఇ’అ”. మావోరీ పడవ “వక”, సమోవన్ పడవ “వ’అ”, హవాయి పడవ “వ’అ”. అంటే “క” ఉన్నచోటల్లా గొంతు మూత వచ్చి కూర్చుంది. మావోరీల పురాగాథల్లో పూర్వీకుల సీమ పేరు హవైకి, సమోవాలోని పెద్ద దీవి సవై’ఇ, అమెరికా రాష్ట్రానికి పేరిచ్చిన దీవి హవై’ఇ. మూడూ ఒకే పేరు.

హవాయి భాష అక్కడితో ఆగలేదు. “క” ఖాళీ చేసిన చోటికి “త” జరిగింది. మావోరీలో నిషిద్ధాన్ని “తపు” అంటే హవాయిలో “కపు” అంటారు. ఈ రెండు మార్పుల్లో ఏది ముందు జరిగిందో తేల్చడానికి పాత పత్రాలు అక్కర్లేదు. “త” ముందే “క”గా మారి ఉంటే, ఆ కొత్త “క” కూడా పాత “క”తో కలిసి గొంతులోకి పోయేది. అలా జరగలేదు కాబట్టి గొంతు మూతే ముందు వచ్చింది. సమోవాలో ఇదే వరుస సగంలో ఉంది. “క” గొంతు మూతగా మారడం పూర్తయింది. ప్రార్థనలోనూ, బడిలోనూ “త” నిలబడి ఉంది కానీ ఇంటి మాటల్లో “క”గా పలుకుతోంది.

బర్మీస్ మరో దారిలో అక్కడికే చేరింది. తెలుగు లిపిలాగే బ్రాహ్మీ సంతతికి చెందిన బర్మీస్ లిపి మాట చివరి క, త, ప లను ఇప్పటికీ వేర్వేరుగానే రాస్తుంది. నోట్లో మాత్రం అన్నీ ఒకే గొంతు మూతగా కలిసిపోయాయి. అక్కడి కరెన్సీ పేరును పొల్లు “ప”తో “క్యప్” అని రాస్తారు, “చ’” అని పలుకుతారు, ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అది “క్యాట్” అయింది. పదాంత స్పర్శాలను గట్టిగా వదలకుండా పలికే భాషల్లో చెవికి వాటి మధ్య తేడా తెలియడం కష్టం. ఆ కష్టమే కాలక్రమంలో తేడాను చెరిపేస్తుంది. ఇండొనేషియాలో తండ్రినీ పెద్దమనిషినీ పిలిచే “బపక్” మాట చివరి “క” కూడా గొంతులోనే ఆగిపోతుంది.

అరబిక్: పోగొట్టుకున్నదీ, మళ్లీ తెచ్చుకున్నదీ

ఈ ధ్వని చరిత్ర అరబిక్‌లో నడిచినంత మెలికలుగా మరెక్కడా నడవలేదు. అరబిక్ వర్ణమాలలో ఇది నిఖార్సైన హల్లు, పేరు హంజా. అయినా అరబిక్ రాతలో హంజాకు సొంత గడి లేదు. అది ఎక్కువగా అలిఫ్, వావ్, యా అనే అక్షరాల్లో ఏదో ఒకదాని మీద ఎక్కి కూర్చుంటుంది. దేని మీద ఎప్పుడు ఎక్కాలన్నది అరబ్బు పిల్లలను బడిలో ఇబ్బంది పెట్టే పాఠం.

దీనికి కారణం మాండలిక భేదం. ఇస్లాం తొలినాళ్లలో రాత స్థిరపడింది మక్కా, మదీనాలున్న హిజాజ్ ప్రాంతపు ఉచ్చారణను బట్టి. ఆ ప్రాంతంవారు అప్పటికే చాలా మాటల్లో హంజాను వదిలేశారు. బావిని “బి’ర్” అనకుండా “బీర్” అనేవారు, రాసేటప్పుడు ఆ దీర్ఘానికి “యా” వేశారు. తూర్పు తెగలు హంజాను నిలుపుకున్నాయి. తరువాతి కాలంలో సాహిత్య భాషకు, పఠనానికి ఆ ఉచ్చారణే ప్రమాణమయ్యాక, రాసి ఉన్న అక్షరాలను చెరపకుండా వాటి మీద చిన్న గుర్తు చేర్చారు. ఐన్ అనే అక్షరపు తలభాగాన్ని కత్తిరించి ఈ గుర్తును చేసిన ఘనత 8వ శతాబ్దపు పండితుడు అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్‌ది అని సంప్రదాయం. ఆ పాత తేడా ఖురాన్ పఠన రీతుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఎక్కువ దేశాల్లో వాడే హఫ్స్ పఠనంలో విశ్వాసిని “ము’మిన్” అంటారు. మొరాకో, అల్జీరియా వైపు ప్రచారంలో ఉన్న వర్ష్ పఠనంలో అది “మూమిన్”.

నేటి కైరో మాటలో పాత హంజాలు చాలావరకు పోయాయి. తల అక్కడ “ర’స్” కాదు, “రాస్”. మరోవైపు గొంతు లోపలి నుంచి పలికే “ఖాఫ్” అనే ధ్వని అరిగి కొత్త గొంతు మూతగా మారింది. గుండె “ఖల్బ్” నుంచి “’అల్బ్” అయింది, కాఫీ “ఖహ్వ” నుంచి “’అహ్వ” అయింది. డమాస్కస్, బీరూట్ నగరాల్లోనూ ఇంతే. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన తెలుగువారి చెవికి అలవాటైన రూపం వేరు, అక్కడ అదే కాఫీ “గహ్వ”. అరబిక్ నుంచే చీలిన మాల్టా దేశపు భాష రోమన్ లిపిలో ఈ కొత్త మూతకు ఒక పూర్తి అక్షరాన్నే కేటాయించింది. 2004 నుంచి యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో అదొకటి.

హంజా మన దాకా రాలేదు కానీ దాని జాడ వచ్చింది. ప్రశ్న అనే అర్థంలో అరబిక్ “సు’ఆల్” పారసీ, ఉర్దూల మీదుగా ప్రయాణించి “సవాల్” అయింది, తెలుగులో “సవాలు”గా స్థిరపడింది. గొంతు మూత ఉండాల్సిన చోట “వ” వచ్చి అచ్చుల మధ్య సందును పూడ్చింది. తెలుగు “మాయమ్మ”లో యకారం చేసే పనే ఇదీ.

పోతూ పోతూ గొంతు మూత వదిలివెళ్లేది దీర్ఘమొక్కటే కాదు. వియత్నామీస్‌లో మాట అర్థాన్ని మార్చే స్వరస్థాయుల్లో కొన్ని, ఒకప్పుడు పదాంతంలో ఉండి పోయిన గొంతు మూత నుంచి పుట్టాయని ఫ్రెంచ్ పండితుడు ఒద్రికూర్ 1954లో ప్రతిపాదించాడు. గొంతు బిగిసేటప్పుడు తంత్రులు సాగుతాయి, స్వరం పైకి లేస్తుంది. మూత పోయినా ఆ ఎత్తు మిగిలిపోతుంది. ఆసియాలోని స్వరస్థాయి భాషలు మొదటి నుంచీ అలాగే ఉన్నాయన్న పాత అభిప్రాయాన్ని ఈ ప్రతిపాదన కదిలించింది.

రాసేవారి చెవి

ఫినీషియన్ లిపిలో మొదటి అక్షరం ఎద్దు పేరుతో “’ఆలెఫ్”. అది గొంతు మూతకు గుర్తు. గ్రీకులు ఆ లిపిని తీసుకున్నప్పుడు వారి భాషలో ఆ హల్లుకు పని లేదు. మొదటి ధ్వనిని వినిపించుకోక, దాని వెంట వచ్చే అచ్చునే అక్షరం విలువగా తీసుకున్నారు. అలా “ఆల్ఫా” పుట్టింది, రోమన్ లిపిలో తొలి అచ్చు అయింది. ప్రపంచంలో అత్యధికులు వాడే లిపి మొదటి అక్షరం అసలు గొంతు మూతదే అన్నమాట. తమ లిపిలో దానికి చోటు లేదని చెప్పే అధికారులకు ఈ సంగతి ఎవరైనా గుర్తుచేశారో లేదో.

హవాయికి 1820లో వచ్చిన అమెరికన్ మిషనరీలు 1826కల్లా అక్కడి భాషకు రోమన్ అక్షరమాల ఖరారు చేశారు. గొంతు మూతను వారు గమనించారు కానీ అక్షరంగా లెక్కపెట్టలేదు. “నాది” అనే అర్థమున్న “కొ’ఉ”కు, “నీది” అనే అర్థమున్న “కొఉ”కు తేడా చూపకపోతే మరీ చిక్కు వస్తుందని మొదటిదానికి మాత్రం ఒక పైకామా (అపాస్ట్రఫీ) గుర్తు పెట్టేవారు. తక్కిన చోట్ల ఏ గుర్తూ లేదు. 19వ శతాబ్దమంతా హవాయి పత్రికలు అలాగే వెలువడ్డాయి, పాఠకులు ఇబ్బంది పడలేదు. ఇంట్లో నేర్చిన భాష కావడంతో ఏ మాట ఎక్కడ తెగుతుందో వారికి సందర్భమే చెప్పేది.

ఆ ఏర్పాటును చెడగొట్టింది బడి. 1896 చట్టంతో బోధన ఇంగ్లిష్‌లోకి మారింది. తరతరానికీ మాట్లాడేవారు తగ్గిపోయారు. పుస్తకం చూసి భాష నేర్చుకోవాల్సిన వారికి గుర్తు లేని రాత గోడలా అడ్డుపడింది. 1957లో వెలువడిన పెద్ద నిఘంటువు ప్రతి గొంతు మూతకూ గుర్తు వేసింది. 1978లో హవాయి భాష రాష్ట్ర అధికార భాష అయ్యాక ఆ గుర్తు బడి పుస్తకాల్లోకీ, వీధుల పేర్లలోకీ వచ్చింది. దాని పేరు “’ఓకిన”, “కోత” అనే అర్థమున్న మాట. పార్కుల పేర్లలో దాన్ని చేర్చిన చట్టం 2000 సంవత్సరం నాటిది. రాష్ట్రం పేరు మాత్రం అమెరికాలో చేర్చుకున్న 1959 నాటి చట్టంలో గుర్తు లేకుండానే ఉంది, సమాఖ్య పత్రాల్లో ఇప్పటికీ అలాగే నడుస్తోంది. గుర్తుల పట్టింపు భాష బలంగా ఉన్నప్పుడు కాక బలహీనపడ్డాక పెరిగిందన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. గట్టిగా బతుకుతున్న తగలోగ్‌లో పదాంతపు మూతకు గుర్తులున్నా రోజువారీ రాతలో ఎవరూ వేయరు.

కెనడా పశ్చిమ తీరంలో స్క్వామిష్ భాష మరో ఉపాయం పట్టింది. చుక్కలేని ప్రశ్నార్థకం టైపురైటర్ మీద లేదు. చూడటానికి దానికి దగ్గరగా ఉన్న 7 అంకె ఉంది. మాట మధ్యలో 7 వేయడం మొదలైంది, అదే ప్రామాణిక రాత అయింది. వాంకూవర్ నుంచి విస్లర్ వెళ్లే రహదారి బోర్డుల మీద ఊరి పేరు నడిమధ్యన 7 కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు.

ఇంటి పక్క భాషల్లో

తెలుగు ప్రాంతానికి ఈ ధ్వని దూరపు చుట్టం కూడా కాదు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ, ఒడిశా వైపు కొండల్లోనూ మాట్లాడే సవర భాష ముండా కుటుంబానికి చెందినది, అందులో గొంతు మూత వర్ణమే. నీళ్లను సవరలు “డ’అ” అంటారు. జార్ఖండ్‌లోని ముండారీలో “దా’”. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తెలుగువారికి తెలిసిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉన్నప్పుడు ఈ భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వెలువడ్డాయి. బడిలో నేర్పే భాష నోటి మాటకు దగ్గరగా ఉండాలని పట్టుబట్టిన మనిషి, తన మాతృభాషలో వర్ణంగా లేని ధ్వనిని పట్టుకోగలిగే దాకా మరో భాషను వినడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

ద్రావిడ కుటుంబంలోనూ ఇది ఉంది. కుయి, కువి భాషల్లో, జార్ఖండ్ వైపు కుఁడుఖ్‌లో గొంతు మూత వినిపిస్తుంది. తెలుగు “ఇచ్చు”, తమిళ “ఈ” పుట్టిన ధాతువు నుంచే వచ్చిన కుఁడుఖ్ మాట “చి’ఇనా”. రెండు అచ్చుల మధ్య తెలుగు యకారం దింపే చోట కుఁడుఖ్ గొంతు మూసింది.

సంతాలీ ఇంకాస్త సూక్ష్మంగా వ్యవహరిస్తుంది. అక్కడ పదాంతపు స్పర్శాలు గొంతు బిగింపుతో కలిసి, విడుదల కాకుండా ఆగిపోతాయి. నీళ్లనే “దాక్’” అని ఆపుతారు, వెంటనే అచ్చుతో ప్రత్యయం వస్తే ఆ చివరి ధ్వని “గ”గా విచ్చుకుంటుంది. పండిత్ రఘునాథ్ ముర్ము 1925లో రూపొందించిన ఓల్ చికి లిపి ఆ రెండు రూపాలకూ ఒకే అక్షరాన్ని ఇచ్చింది. ఎక్కడ బిగించాలో, ఎక్కడ విప్పాలో చదివేవారికి స్థానమే చెబుతుంది. మినహాయింపులు ఎదురైనచోట వేయడానికి మాత్రం విడిగా ఒక గుర్తు ఉంది. బయటివారు తెచ్చిన లిపి భాషకు అతకని చోట లోపలివాడు చేసిన లిపి ఎలా అతికిందో చూడటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు. నేపాల్, సిక్కింలలోని లింబూ భాషను దేవనాగరిలో రాసేవారి కోసం ఆ లిపిలో గొంతు మూతకు ప్రత్యేక అక్షరాన్నే చేర్చారు. తెలుగు లిపిలో అలాంటిది లేదు. మాట మధ్యలో అచ్చును విడిగా నిలబెట్టడం ఒక్కటే దారి.

రిజిస్టర్లు, కీబోర్డులు, పాస్‌పోర్టులు

కెనడాలోని వాయవ్య ప్రాంతాల్లో పదకొండు అధికార భాషలున్నాయి, వాటిలో తొమ్మిది ఆదివాసులవి. అక్కడ ఇద్దరు తల్లులు తమ కూతుళ్లకు డెనె భాషలో పేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లలో గొంతు మూత అక్షరం ఉంది. జనన ధ్రువపత్రంలో రోమన్ అక్షరాలకే అనుమతి ఉందని నమోదు కార్యాలయం ఒప్పుకోలేదు, అక్షరం బదులు అడ్డగీత పెట్టుకోవాల్సి వచ్చింది. 2015లో ఈ సంగతి వార్తలకెక్కింది. ప్రభుత్వమే అధికార భాషగా గుర్తించిన భాషలోని అక్షరాన్ని ఆ ప్రభుత్వ రిజిస్టరే గుర్తించకపోవడం చర్చకు వచ్చింది. 2021లో కెనడా ఆదివాసులు తమ సంప్రదాయ పేర్లను పాస్‌పోర్టుల్లో తిరిగి పొందవచ్చని ప్రకటించింది, అయితే రోమన్ అక్షరాల పరిమితి అలాగే ఉంచింది.

ఈ పరిమితిని ఒక్క దేశం ఎత్తేస్తే సరిపోదు. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసల్లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం రోమన్ పెద్దక్షరాలు, అంకెలు, ఖాళీని నింపే ఒక గుర్తు తప్ప మరేమీ ఉండకూడదు. పేరులో పైకామా గుర్తు ఉన్నా అక్కడ ఎగిరిపోతుంది. కాబట్టి హవాయి పేరులోని ’ఓకిన పైన ముద్రించిన పేరులో నిలిచినా యంత్రం చదివే వరుసల్లో ఉండదు. విమాన టికెట్టులో ఒక రూపం, ధ్రువపత్రంలో మరో రూపం పడి తంటాలు వచ్చేది ఇక్కడే.

కంప్యూటర్ వైపు అడ్డంకి చాలావరకు తొలగింది. యూనికోడ్‌లో ధ్వని లిపి గుర్తు ఉంది. కెనడా ఆదివాసీ భాషల కోసం పెద్ద, చిన్న రూపాలతో వేరే అక్షరాల జత ఉంది. ’ఓకిన కోసం, మెక్సికో భాషల్లో “సాల్టిల్యో” అని పిలిచే నిలువు గుర్తు కోసం వేర్వేరు సంకేతాలున్నాయి. చిక్కంతా వాడుకలో ఉంది. ఫోన్ కీబోర్డు మీద సులువుగా దొరికేది మామూలు పైకామా గుర్తు. దాన్ని నొక్కితే సాఫ్ట్‌వేర్ కొటేషన్ గుర్తు అనుకుని దిశ మార్చేస్తుంది. కంటికి ఒకేలా కనిపించే రెండు గుర్తులు యంత్రానికి రెండు వేర్వేరు అక్షరాలు. ఒకదానితో రాసిన ఊరి పేరు మరోదానితో వెతికితే దొరకకపోవచ్చు. పైగా పైకామా గుర్తును యంత్రాలు విరామ చిహ్నంగా చూస్తాయి, దాని దగ్గర మాటను రెండుగా విడగొడతాయి. హవాయి భాషలో అది విరామ చిహ్నం కాదు, ఎనిమిదో హల్లు.